మడుగు గట్టున మా బావమరిది

గాలం వేసేవాడికి ముందు కావలసింది గాలం కాదు, పిర్రలు. ఎండకి కాలిన రాతి మీద పొద్దంతా కదలకుండా కూర్చోగలవాడికి మిగతావన్నీ నేర్పొచ్చు. కూర్చోలేనివాడు ఎంత మంచి వెదురు కొనుక్కున్నా దాంతో పందుల్ని తోలుకోవడమే. బరంపురం గేట్ బజార్లో మా అన్నయ్య కిరాణా దుకాణంలో చిన్నప్పట్నించీ పప్పులు తూస్తూ నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే, ఒకచోట కూర్చోవడం. బడి మానిపించి మరీ నేర్పించేరు.

రెండోది నీడ. మన నీడ నీళ్ళ మీద పడకూడదు. పొద్దుటిపూట పడమటి గట్టున, మధ్యాహ్నం తూర్పు గట్టున కూర్చోవాలి. ఎండ సూటిగా మొహాన కొడుతుంది. కొట్టనీ. మన మొహం చూసి మురిసిపోయేవాళ్ళు అక్కడెవరూ లేరు.

మూడోది ఎర. అందరూ వానపాములు గుచ్చుతారు. నేను కోమటిని, పురుగుని ముట్టను. తెలకపిండి దోరగా వేయించి, బెల్లం పాకంలో కలిపి, కాస్త వరిపిండి, చిటికెడు ఇంగువ వేసి ముద్ద చేస్తాను. ఇంగువ మాత్రం అసలుది కావాలి. కల్తీ ఇంగువ మా అన్నయ్య దగ్గర కొనేవాళ్ళు కనిపెట్టలేరు గాని, శీలావతి చేప కనిపెట్టేస్తుంది. దూరంనించే మూతి తిప్పుకుని పోతుంది.

ఇంతా చేసి నేను చేప తినను. రుచే తెలీదు. అమ్ముకోను కూడా. పట్టినవన్నీ గిరిసోల సూరయ్యకి ఇచ్చేస్తాను. సూరయ్య పొలం పనులు చేసుకునే మనిషి. ఆదివారం నేను గిరిసోలలో రైలు దిగి, ఊరవతల గెడ్డ వాగులో మడుగు వైపు నడుస్తుంటే ఎక్కడినించో వచ్చి వెనకాల పడతాడు, పొద్దంతా పక్కన కూర్చుంటాడు, సాయంత్రం చేపలు పట్టుకుని పోతాడు. చేప పడని రోజున పెందలాడే పోతాడు. మా స్నేహం అంతవరకే.

"తినవు, అమ్మవు, మరెందుకు పడతావయ్యా?" అని రైల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దీనికి నా దగ్గర జవాబుంటే నా పెళ్ళాం ఇంట్లో ఉండేది.

పద్మావతి నన్ను వదిలి ఇచ్ఛాపురంలో తమ్ముడింటికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. కారణం చెప్తే నవ్వుతారు. శ్రావణ శుక్రవారం నాడు పేరంటం పెట్టింది. బుట్టెడు శనగలు నానబోసింది, తమలపాకులు కడిగింది, ఇంటింటికీ వెళ్ళి బొట్టుపెట్టి పిలిచి వచ్చింది. మా వాళ్ళ ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. చేపలు పట్టేవాడింట్లో వాయనం అందుకుంటే మైల అంటుకుంటుందట. పొద్దు గూకేదాకా గుమ్మంలో నిలబడి, తలుపేసుకుని పడుకుంది. ఏడ్చిందో లేదో నాకు తెలీదు, నేను అడగలేదు. ఆదివారానికి ఆ శనగలు మొలకలొచ్చి వాసనేస్తున్నాయి. పాడైపోయేవే కదా అని గుప్పెడు గుడ్డలో మూటకట్టుకుని గెడ్డకి పట్టుకెళ్ళేను. ఎరకి పనికొచ్చేయి కూడా. నేను తిరిగొచ్చేసరికి ఖాళీ బుట్ట బోర్లించి ఉంది. ఆవిడ సాయంత్రం బండికే వెళ్ళిపోయింది.

దేవుడి పేరు మీద నానబోసిన శనగలు చేపలకి వేశానని ఆవిడ కోపం. మనుషులెవరూ ముట్టనివి చేపలైనా తిన్నాయి కదా అని నా వాదన. ఈ వాదన వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. కింద వాటాలో అన్నయ్య పిల్లలు, పైన నేను. అన్నం కంచం మెట్ల మీద పెట్టి, గోడ మీద గరిటెతో కొట్టి పోతారు.

ఆమధ్య ఇచ్ఛాపురం వెళ్ళే మనిషి చేత కబురు పంపేను. నువ్వొస్తానంటే గాలం మానేస్తానని. బదులు రాలేదు, మనిషే వచ్చేడు. ఆదివారం మడుగు దగ్గర కూర్చుని ఉంటే గట్టు మీద గొడుగు కనపడింది. గొడుగు కింద సోమేశ్వరరావు, పద్మావతి తమ్ముడు. మల్లు పంచె, నల్ల కోటు, బురదలో దిగబడుతున్న పంపు జోళ్ళు.

"ఏటి బావా, ఇక్కడా నీ కాపరం?" అన్నాడు.

"ఇక్కడైతే గోడ మీద గరిటెతో కొట్టేవాళ్ళు లేరు. కూర్చో."

"కూకోడానికి రాలేదు. అక్క నన్ను సూసి రమ్మంది. మానేస్తానని కబురెట్టి, కర్ర పట్టుకునే కూకున్నావు."

"ఆవిడొస్తే మానేస్తానన్నాను."

"నువ్వు మానేస్తే వస్తానంటంది. ముందు ఎవరు?"

సూరయ్య పక్కనించి అందుకున్నాడు. "సావుకారు బాబూ, తమరే ముందు మానేయండి. ఆడోలు ముందడుగు ఎయ్యరు."

"నేను మానేస్తే నీకు చేపలెవరిస్తార్రా?"

"ఆ మాట నిజమే బాబూ. అయితే మానొద్దు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. రాత్రి పూట మెట్ల మీద గరిటె చప్పుడు గుర్తొచ్చింది. లేచి గాలపు కర్రని గట్టు మెత్తటి మట్టిలోకి గుచ్చేసి, చేతులు కడుక్కున్నాను. "ఇదిగో, మీ అక్క మీద ఒట్టు. ఇక ముట్టను. ఈ కర్ర సూరయ్యది. పై వారం అక్కని తీసుకురా" అన్నాను.

సోమేశం నమ్మినట్టే ఉన్నాడు, గొడుగు మడిచి రాతి మీద కూర్చున్నాడు. సూరయ్య తన కర్రేమిటో తనకే తెలీనట్టు బుర్ర గోక్కుని, చుట్ట వెలిగించుకోడానికి నిప్పు తెస్తానని పొలాల్లోకి పోయేడు.

గాలం ఇంకా నీళ్ళలోనే ఉంది. అప్పుడు దారానికి కట్టిన బెండు కదిలింది.

చిన్న చేపలు బెండుని టకటకమని పొడుస్తాయి, వాటిని పట్టించుకోకూడదు. పెద్దది అలా చెయ్యదు. బెండు ఒక పక్కకి నెమ్మదిగా జరుగుతుంది, ఎవరో చిటికెన వేలుతో తోసినట్టు. ఆగుతుంది. మళ్ళీ జరుగుతుంది. అప్పుడు మనిషికి ఊపిరి ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా.

"బావా, అదేటి?" అన్నాడు సోమేశం.

"ఏమీ లేదు."

"జరుగుతంది సూడు."

"జరగనీ. నేను ముట్టనన్నాను."

బెండు బుడుంగున మునిగింది. కర్ర కొస నీళ్ళ వైపు వంగి, గుచ్చిన మట్టి చీలడం మొదలైంది. నా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను.

"పోతంది బావా! కర్రతో సహా పోతంది!"

"పోనీ."

సోమేశం కోటుతో సహా నీళ్ళలో దూకి కర్ర పట్టుకున్నాడు. ఇచ్ఛాపురం అమ్మవారి గుడిలో ధర్మకర్త! బలంగా లాగబోయేడు.

"లాగకు! తెగుతుంది" అని అరిచేను. "కర్ర నిలబెట్టు. నిలబెట్టు, అంతే. అది పోతానంటే పోనీ, దాంతో నువ్వూ నడువు గట్టెమ్మట. అలిసేది నువ్వు కాదు, అది. వెనక్కి తిరిగినప్పుడు తీసుకో, వెళ్తానన్నప్పుడు ఇచ్చెయ్. మీ ఆవిడతో మాట్లాడినట్టు మాట్లాడు దాంతో."

"మా ఆవిడతో ఇలాగైతే ఎప్పుడో తెగిపోయేది!"

ఆ చివరనించి ఈ చివరకి, ఈ చివరనించి ఆ చివరకి నడిచేడు. పంపు జోడొకటి బురదలో ఉండిపోయింది. నేను కర్ర ముట్టలేదు, నోరు మాత్రం మూయలేదు. సూరయ్య నిప్పు తెచ్చేసరికి మోచెయ్యంత శీలావతి గడ్డి మీద పొర్లుతోంది. దాని పక్కనే సోమేశం కూడా ఇంచుమించు అలాగే పడి ఉన్నాడు. తడిసిన కోటు, బురద మొహం. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. నా పెళ్ళిలో చిన్నవాడుగా ఉన్నప్పుడు నవ్వేడు అలా, మళ్ళీ ఇదే చూడడం.

"వచ్చే ఆదివారం అక్కని తీసుకొస్తాను బావా" అన్నాడు రైలెక్కుతూ.

ఇల్లంతా కడిగించేను. మేడ మీద పొయ్యికి మట్టి మెత్తించేను. ఆదివారం రైల్లోంచి సోమేశం ఒక్కడే దిగేడు, కూర్చోడానికి చిన్న దిండు చంకన పెట్టుకుని.

"అక్క ఆలోచిస్తంది" అన్నాడు. "ఈలోగా, బావా, ఆ రోజు బెండు ఎంత లోతుకి కట్టేవు?"

చెప్పేను. చెప్పకేం చేస్తాను? లోతు ముందు రాయి కట్టి కొలుచుకోవాలి, ఎర నేలకి జానెడు పైన ఆడాలి. పై వారం దారం గురించి అడిగేడు. బరంపురం సాలీల దగ్గర పట్టు పోగులు తెచ్చుకుని నాలుగు పేటలు పేనుకోవాలి, వాడేక ఎండలో కాదు, నీడలో ఆరబెట్టుకోవాలి. ఆ పై వారం ఆయన సొంత కర్ర తెచ్చుకున్నాడు. సూరయ్య నా పక్కనించి లేచి ఆయన పక్కన కూర్చోడం మొదలెట్టేడు. చేప ఎటుంటే మనిషి అటు. నేను చేతులు ముడుచుకుని ఇద్దరి వెనకాలా కూర్చునేవాణ్ణి. ప్రతి ఆదివారం ఒకటే మాట, అక్క ఆలోచిస్తంది. దసరా పోయింది, దీపావళి పోయింది.

ఓ రోజు సోమేశం ఇంకా రాలేదు. సూరయ్య నేల మీద పుల్లతో గీతలు గీస్తూ అన్నాడు.

"తమరికి ఇంత కాపలా ఎందుకు బాబూ, తమరు కర్రే ముట్టరు గదా?"

"ఎవరి కాపలా?"

"సోమేశం బాబుది. మొన్న ఇచ్ఛాపురం ఆసామి ఒకాయన గట్టు మీంచి పోతా, ఏటి సోమేశం ఇక్కడున్నావని అడిగితే, కర్ర గడ్డిలో పడేసి, మా బావ సేపలు పట్టడం మాననేదు, కాపలా కాసి మానిపిస్తన్నానని సెప్పేడు."

సోమేశం వచ్చేడు. దిండు వేసుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను, నా నీడ మడుగులో పడితే పడనీ అని.

"మీ అక్కతో ఏం చెప్తున్నావు?"

ఆయన ముద్ద చేస్తున్న పిండి ఆపలేదు. "నువ్వు మానలేదని."

"నేను మానలేదూ?"

"మానేసేవంటే మరి నేను పెతి ఆదివారం ఇక్కడికెందుకు ఎల్తున్నానని అడుగుద్ది గదా బావా." తల ఎత్తేడు. కళ్ళలో సిగ్గు ఉంది, అయినా చేతిలో పిండి ఉంది. "మా ఆవిడ కమలకి తెలిస్తే ఇల్లు రెండౌతుంది. గుళ్ళో నా మొహం ఎలా సూపిస్తాను? ఇంకొన్నాళ్ళు. ఈ సలికాలం పోనీ."

నేను వెనక్కి పోయి నా చోట కూర్చున్నాను. వీడు చేపలు పడతాడని ఇచ్ఛాపురంలో చాటితే, రేపట్నించి వీడింటికీ పేరంటానికి ఎవరూ రారు. ఆ ఇంట్లోనే పద్మావతి అన్నం తింటోంది. ఇంకోసారి ఆవిణ్ణి ఖాళీ గుమ్మంలో నిలబెట్టలేను.

కాని ఊరుకోలేకపోయేను. ఆ పై ఆదివారం గిరిసోలలో దిగకుండా ఇచ్ఛాపురం దాకా పోయేను. రైలు పెట్టెలో జనం గంజాం మద్రాసులో ఉండాలా, ఒరిస్సాలో కలవాలా అని కొట్టుకుంటున్నారు. నన్నూ అడిగేరు, నీ మాటేటని. నాకు ఎటూ లేదన్నాను.

సోమేశం ఇంట్లో లేడు, గిరిసోల గెడ్డ దగ్గర ఉన్నాడు. కమలాకుమారి గుడికి వెళ్ళింది. పద్మావతి తలుపు తీసింది. జుట్టు నెరిసింది. కాళ్ళకి నీళ్ళిచ్చి, అరుగు మీద చాప వేసి, తను గుమ్మంలో లోపలి వైపు కూర్చుంది.

"మానేసేను" అన్నాను.

"తెల్సు."

"నేను మానలేదని సోమేశం చెప్తున్నాడట కదా?"

"ఆడు సెప్తాడు. ఇంటికొచ్చి కాగు దగ్గర సేతులు ఇసకెట్టి తోముకుంటాడు. మీరూ అలాగే తోముకునేవారు. పట్టేది ఆడే, మీరు కాదని ఆ మాత్రం తెలీదా నాకు? కమలకి మాత్రం తెలీనివ్వకండి."

గుండె ఒక్కసారి తేలికైంది. "తెలిస్తే మరి రాకుండా ఉండిపోయేవేం?"

ఆవిడ చాప కొస సర్దింది. "ఆదివారం సాయంత్రం ఆడొచ్చి పెరట్లో కూకుని మీరన్న మాటలన్నీ నాకు సెప్తాడు. సేప ఎలా వస్తాదో, మనిషి ఎలా కూకోవాలో. ఆడి పెళ్ళాంతో మాటాడినట్టు మాటాడమన్నారట. నేను నవ్వేను కూడా. తర్వాత అనుకున్నాను, ఈయన ఇన్ని మాటలు ఆడగలరా అని. మీతో అన్నేళ్ళున్నాను, ఉప్పు తక్కువైందనేవారు, దీపం ఆర్పెయ్యమనేవారు. శనగల సంగతి ఏనాడో మరిసిపోయేను. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడుంటే మీరు ఎనకనించి ఎల్లి పడుకున్నారు. ఒక్క మాట అనలేదు."

"ఇప్పుడు రా. మాట్లాడతాను."

"ఏటి మాటాడతారు?"

నిజంగానే వెతుక్కున్నాను. దుకాణం, అన్నయ్య, కంచం, మెట్లు. గెడ్డ తప్ప ఇంకేదీ నోటికి రాలేదు, గెడ్డ గురించి చెప్పకూడదని నాకే తెలుసు. అరుగు మీద ఎండ జరిగింది. ఆవిడ తొందరపెట్టలేదు. లేచి లోపలికెళ్ళి ఆకు వేసింది. వంకాయ పులుసు. రెండోసారి వేయించుకున్నాను. బాగుందని అనడానికి నోరు తెరిచేసరికి ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"నేను రాను. ఇక్కడే అలవాటైపోయింది" అంది చేతికి నీళ్ళు పోస్తూ. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి అనేవాణ్ణి.

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఏవండీ. మొన్న సోమేశం వేలు తెగింది. పట్టు దారం కోసేసిందట. కమలతో కత్తిపీట అని సెప్పేడు. అది కొయ్యకుండా ఏటి సెయ్యాలి?"

"చూపుడువేలికి తడిగుడ్డ పీలిక చుట్టుకోమను. పొడిది కాదు, తడిది. దారం వేలి మీదనించి కాదు, రెండు వేళ్ళ మధ్యనించి జారనివ్వాలి. చేప ఉరికేటప్పుడు దారాన్ని అసలు పట్టుకోకూడదు, కర్రనే పట్టుకోవాలి. భయంతో పట్టుకుంటారు కొత్తవాళ్ళు. పోతుందేమోనని."

ఆవిడ శ్రద్ధగా వింది. "తడిగుడ్డ. రెండు వేళ్ళ మధ్యనించి" అని ఒకసారి తనలో తను అనుకుంది. పెళ్ళయ్యేక నన్ను ఒక సంగతి అడగడం, నేను అంతసేపు చెప్పడం అదే మొదలు. ఇంకేమైనా అడుగుతుందేమోనని నిలబడ్డాను. ఆవిడ తలూపి, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్ళింది.