వంకరగా తీసినప్పుడు

ముప్ఫై ఏడోసారి యంత్రాన్ని స్టాండులోంచి పైకి తీశాడు. టీవీ నల్లబడింది, చేతిలోని చిన్న తెర వెలిగింది. అదే పడవ, అదే సముద్రం, అదే ఉత్తరాల సంచి. మళ్ళీ స్టాండులో దించాడు. చిన్న తెర ఆరింది, టీవీ వెలిగింది. అదే పడవ. మెడలో తాడుకు వేలాడుతున్న లెక్కమీటను టిక్కున నొక్కాడు.

ఇదే అతని పని. ఆ ఆటయంత్రాన్ని టీవీ పక్కనున్న స్టాండులో దించితే ఆట టీవీలోకి వెళ్తుంది, పైకి తీస్తే చేతిలోకి వస్తుంది. ఆట నడుస్తుండగా ఇలా వందలసార్లు తీసి, పెట్టి, ఎక్కడైనా తప్పు దొర్లుతుందేమో చూడాలి. చూసింది రాయాలి. అంతకుముందు టీవీలు బాగుచేసేవాడు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక ఇందులో చేరాడు. ఏడేళ్ళయింది. ఈ పనికి ఏం చదవాలని చుట్టాలు అడిగితే ఓపిక ఉంటే చాలనేవాడు. అది ఏ కాలేజీలో చెప్తారని వాళ్ళు నవ్వేవారు.

యంత్రం తయారుచేసే కంపెనీ సొంతంగా చేసే ఆటలు కొన్నే. మిగతావి బయటి పబ్లిషర్లు దయతలిస్తే రావాలి. పెద్ద యంత్రాల కోసం చేసిన ఆటని ఈ చిన్నదానిలోకి దించడానికి వాళ్ళు తమ మనుషుల్ని పెట్టరు. ఇలాంటి మూడో అంతస్తు ఆఫీసులకి అప్పగిస్తారు. పదిమంది సంసారాన్ని ఒంటిగదిలో సర్దినట్టు ఇక్కడివాళ్ళు నీళ్ళలో నీడలు తీసేసి, చెట్లకి ఆకులు తగ్గించి, ఆటని ఎలాగో పట్టిస్తారు. పట్టించాక పబ్లిషర్ ఓ చూపు చూసి, చాలా బాగుంది, ఇంకాస్త తొందరగా చేయండి అంటాడు.

ఇప్పుడు చూస్తున్నది దీవుల మధ్య పడవలో ఉత్తరాలు పంచే ఆటకి రెండో భాగం. మొదటిది రెండేళ్ళ క్రితం ఇక్కడే తయారైంది. దాన్నీ అతనే పరీక్షించి పాస్ అని రాశాడు. రెండోది ఈ సాయంత్రం ఆరింటికి పబ్లిషర్‌కి వెళ్ళాలి. ఇది మొదటి దెబ్బకే గట్టెక్కితే ఈ యంత్రానికి మరో మూడు ఆటలిస్తామన్నారు. అన్నారంతే, రాసివ్వలేదు.

అతనికి యాభై ఆరేళ్ళు. సన్నటి మెడ, చొక్కా జేబు అడుగున ఎప్పటిదో సిరా మరక. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ అరిగి చదునయ్యాయి. కుడి మణికట్టు ఆరునెలలుగా వాచి ఉంది. దానికి బూడిదరంగు బట్ట చుట్టుకుని వస్తాడు. మెడలోని లెక్కమీట భార్యది. ఆవిడ ఒక మ్యూజియం గేటు దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చుని, లోపలికి వెళ్ళేవాళ్ళని దాంతో లెక్కపెట్టింది. మనిషికో టిక్కు. ఆవిడ పోయాక దాన్ని ఆఫీసుకి తెచ్చుకున్నాడు.

"బాబాయ్, టీ. చక్కెర వేశాను. ఇంకోసారి చూసి రమ్మంటారా?"

పక్క కుర్చీ అమ్మాయి చేరి ఐదు నెలలైంది. ఎవరు ఏది బాగుందన్నా "ఇంకోసారి చూద్దాం" అంటాడని ఆఫీసంతా అతన్ని ఇంకోసారి బాబాయ్ అంటారు. పేరు పెట్టింది ఈ అమ్మాయి కాదు గాని, వాడుకోవడంలో మాత్రం అందరికన్నా ముందుంటుంది.

"చూసే తెచ్చావా? మొన్న ఉప్పేశావు."

"ఒక్కసారేగా!"

"ఒక్కసారి వేస్తేనే తప్పమ్మా. రోజూ వేస్తే అది పద్ధతైపోతుంది, మేనేజరు సంతకం పెట్టేస్తుంది."

ఆ అమ్మాయి చేరిన రోజున యంత్రాన్ని ఒంటిచేత్తో ఊడబెరికింది. అతను కసిరాడు. "నిలువుగా తియ్యి. రెండు చేతుల్తో, రెండు పక్కలా సమానంగా. వంకరగా తీస్తే లోపలి పిన్నులు అరిగిపోతాయి. ఈ యంత్రాలు మనవి కావు, పబ్లిషర్ అరువిచ్చినవి." అతను తీస్తుంటే నిండు గ్లాసు ఎత్తినట్టుంటుంది. ఏడేళ్ళలో ఒక్క స్టాండూ పాడుచేయలేదు. జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి అతనికి మిగిలింది అదొక్కటే.

పదకొండు దాటింది. నూట పన్నెండోసారి. ఆ అమ్మాయి కలం అడిగితే తలతిప్పి, జేబులోంచి తీసి ఇస్తూ, ఇంకో చేత్తో యంత్రాన్ని లేపాడు. తిరిగి చూసేసరికి తెరమీద పడవ లేదు. సముద్రమూ లేదు. "కొత్త ఆట మొదలుపెట్టండి" అని ఉంది. మూడు రోజులుగా దాచుకుంటూ వచ్చిన ఆటంతా తుడిచిపెట్టుకుపోయింది.

ఉన్నది ఉన్నట్టు రాశాడు. పది నిమిషాల్లో మేనేజరు వచ్చి కుర్చీ వెనక నిలబడింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. ఒక చెవిలో ఫోను వైరు, నోట్లో కలం మూత.

"ఎలా వచ్చింది బాబాయ్?"

"తీశాను. పోయింది."

"రోజూ తీస్తారుగా. ఇవాళేం చేశారు?"

"అదే తెలియట్లేదు."

"సరే. ఆరులోపు నా కళ్ళముందు ఒక్కసారి చూపించండి. చూపిస్తే పంపడం ఆపేస్తాను. లేకపోతే మూసేస్తాను. నన్ను తిట్టుకోవద్దు."

తిట్టుకోవడానికేమీ లేదు. ఒక్కసారి కనబడింది లెక్కలోకి రాదు. ఇంకొకరి ముందు మళ్ళీ రావాలి. రాకపోతే 'మళ్ళీ రాలేదు' అని రాసి మూసేస్తారు. కొత్తవాళ్ళకి ఈ పద్ధతి నేర్పేది అతనే.

"బాబాయ్," ఆ అమ్మాయి గొంతు తగ్గించింది, "నిజంగా చూపించేస్తారా? ఆపితే ఆ మూడు ఆటలూ పోతాయేమో. పదహారుమందిమి ఉన్నాం ఇక్కడ."

"ఆట కొనుక్కున్నవాళ్ళు ఎంతమందో?"

"వాళ్ళెవరో మనకి తెలీదుగా."

"తెలిసినవాళ్ళైతే చూపించాలా?"

అతను యంత్రాన్ని స్టాండులో దించాడు. తూకం వెయ్యడం మేనేజరు పని, చూడటం తన పని. ఏడేళ్ళుగా ఆ గీత దాటలేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యలేదు. రెండు చేతుల్తో, నిలువుగా, సమానంగా, ఆట దాచుకునే చక్రం తెరమీద తిరుగుతుండగా ఒకసారి, తిరగబోతుండగా ఒకసారి. నూట యాభై. రెండు వందలు. పడవ పోలేదు. రెండింటప్పుడు ఎవరో వరండాలో ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి పేర్చారు. కొత్త యంత్రాలు వస్తున్నాయనుకున్నాడు. మూడు వందలు. గాజుతలుపు వెనక మేనేజరు ఫోనులో మాట్లాడుతూ ఇటు చూసింది. అతను చూసేసరికి చూపు తిప్పుకుంది. మూడు వందల నలభై.

నాలుగున్నరకి కుడి మణికట్టు మొరాయించింది. వేళ్ళు పట్టుకుంటున్నాయి గాని ఎత్తడం లేదు. అయినా ఆపలేదు.

"బాబోయ్!" పక్కనుంచి కేక. "వంకరగా తీస్తున్నారు! నేనైతే చంపేసేవారు కాదూ?"

చేతులవంక చూసుకున్నాడు. కుడిచెయ్యి వెనకబడింది. ఎడమ మూల ముందు లేచి, కుడి మూల ఇంకా స్టాండులోనే ఉంది. చిన్నగా టకటకమంది. బయటికి వచ్చానా లోపలే ఉన్నానా అని యంత్రం ఒక్క క్షణం ఎటూ తేల్చుకోలేకపోయింది. టీవీ ఆరి, వెలిగి, ఆరింది.

కొత్త ఆట మొదలుపెట్టండి.

"వచ్చింది!" ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "బాబాయ్, వచ్చేసింది! మేనేజర్ని పిలుస్తానుండండి."

"ఆగు," అన్నాడు.

యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇలా ఎత్తడం తను ఇంతకుముందు చూశాడు.

భార్యకి ఆఖరి ఏడాది కుడిచెయ్యి పడిపోయింది. పొద్దు గడవడానికని ఒక పాత యంత్రం కొనిచ్చాడు. అందులో ఈ పడవ ఆట, మొదటి భాగం. ఎడమచేత్తో ఆడేది. స్టాండులోంచి తీసేటప్పుడు ఎడమ మూల పట్టుకుని, చేపని గాలంతో లాగినట్టు లాగేది. పిన్నులు అరుగుతాయని ఆవిడ మీదా కసిరాడు.

ఒకరోజు ఇంటికి రాగానే అంది, "ఏమండీ, నా ఉత్తరాలు పోయాయి. రెండొందల పద్నాలుగు పంచాను. అన్నీ పోయాయి."

"నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నొక్కలేదండీ. లెక్కతో సహా చెప్తున్నాగా."

"ఆ ఆట చూసింది నేను. నాలుగువేల సార్లు తీశాను, ఒక్కసారీ పోలేదు. నీకొక్కదానికే పోతుందా?"

ఆవిడ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి మళ్ళీ పోయింది. ఈసారి తొంభై ఒకటి. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఇంకోలా ఉండేదేమో.

"ఊరందరి కోసం ఇంకోసారి చూస్తారు," అంది. "నాకోసం ఒక్కసారి చూడకూడదూ?"

"ఆఫీసులో చూసింది చాలదా? ఇంట్లో కూడానా?"

ఆవిడ యంత్రాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, దువ్వెనల సొరుగులో పెట్టించింది. తరవాత ఎప్పుడూ అడగలేదు. కిటికీవైపు తిరిగి పడుకునేది. కింద రోడ్డుమీద వెళ్ళేవాళ్ళని లెక్కపెడుతోందని చాన్నాళ్ళకి గాని అతనికి తెలియలేదు. ఐదు నెలలకి ఆవిడ పోయింది.

నాలుగువేల సార్లూ నిలువుగానే తీశాడు. పనిమంతుడి చెయ్యి. నిలువుగా తీస్తే ఆ తప్పు జన్మలో రాదు. జబ్బుమనిషి తియ్యాలి, ముసలాళ్ళు తియ్యాలి, చంటిపిల్లలు తియ్యాలి. లేదా పనిమంతుడి చెయ్యి పడిపోవాలి.

మళ్ళీ తీశాడు, కావాలనే, ఎడమ మూల ముందు. పోయింది. మళ్ళీ. ఉంది. మళ్ళీ. పోయింది. లెక్కమీట నొక్కడం మరిచిపోయాడు.

ఐదుంపావుకి యంత్రాన్నీ స్టాండునీ పళ్ళెంలో పెట్టినట్టు రెండు చేతులమీదా పెట్టుకుని గాజుతలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆ అమ్మాయి తలుపు తెరిచి పట్టుకుంది. మేనేజరు తన గదిలోని టీవీకి తగిలించమంది. రెండోసారి తియ్యగానే పడవ మాయమైంది.

"చూశారుగా," అన్నాడు. "మొదటి ఆటలోనూ ఇదే ఉంది. దాచుకునే పద్ధతి రెంటికీ ఒకటే. రెండూ సరిచెయ్యాలి. మొదటిది కొన్నవాళ్ళు ఇప్పటికీ ఆడుతున్నారు."

మేనేజరు నోట్లోంచి కలం మూత తీసింది.

"చూశాను బాబాయ్. నిజమే."

"మరి పంపడం ఆపండి."

"ఆపడానికేం లేదు. పబ్లిషర్ వాళ్ళు ఈ యంత్రాన్నే వదిలేశారు. ఈ ఆట దీనికి రాదు. మూడు ఆటలూ రావు. పాతవాటికి కూడా ఇక మరమ్మతులు లేవు. ఈ యంత్రం కొన్నవాళ్ళు వాళ్ళ లెక్కకి చాలరట."

"ఈ తప్పు వల్లా?"

"తప్పుందని వాళ్ళకి తెలిస్తేగా. పదిహేను రోజుల కిందటే అనుకున్నారట. మనకి ఒంటిగంటకి చెప్పారు."

"ఒంటిగంటకా?"

"అప్పుడే చెప్దామనుకున్నాను. మీరు తలెత్తకుండా ఆడుతుంటే నోరు రాలేదు."

"నేను ఆడట్లేదమ్మా," అన్నాడు.

మేనేజరు తల దించుకుంది. ఆ అమ్మాయి వరండాలోని అట్టపెట్టెలవంక చూసింది.

"కనీసం రాసుకోండి," అన్నాడు. "మొదటి ఆటది. రాసి పంపండి. చదువుతారో మానతారో."

"పంపడానికి దారి లేదు బాబాయ్. మూడింటికే మన పాస్‌వర్డులు తీసేశారు."

సోమవారం నుంచి రావద్దని ఎవరూ అనలేదు. యంత్రాలు పెట్టెల్లో పెట్టెయ్యమన్నారు. స్టాండులు మాత్రం ఆఫీసు సొమ్ము, వాటినెవరూ అడగలేదు. పద్నాలుగు యంత్రాలనీ ఒక్కొక్కటే తుడిచి, వైరు చుట్టి, అట్టపెట్టెలో పెట్టాడు. ఆ అమ్మాయి టేపు అంటించింది. ఆఖరి యంత్రాన్ని అతని చేతుల్లోంచి అందుకుంటూ అంది, "ఇంకోసారి చూద్దాం అనరేం బాబాయ్?"

అతను నవ్వలేదు. ఆ అమ్మాయి కూడా నవ్వించాలని అనలేదు. టేపు పళ్ళతో తెంపి, సంచి తీసుకుని, అతని భుజంమీద ఒక్క క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. ఎడమచేత్తో రాశాడు, అక్షరాలు అటూ ఇటూ పడ్డాయి.

తప్పు: దాచుకున్న ఆట మొత్తం పోతుంది.

ఎలా వస్తుంది: చేతిలో బలం లేనివాళ్ళు యంత్రాన్ని ఎడమ మూల పట్టుకుని వంకరగా తీసినప్పుడు.

మొదట కనిపెట్టింది: నా భార్య. ఏడాదిన్నర క్రితం. రెండుసార్లు చెప్పింది.

అప్పుడు పరీక్షించింది: నేను. ఫలితం: పాస్.

చదివాడు. ఇంకోసారి చదవలేదు. లెక్కమీటని సున్నాకి తిప్పి జేబులో వేసుకున్నాడు. కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెట్టెలన్నీ అంటించేశారు, గాజుతలుపుకి తాళం పడింది. చేతికి దగ్గరగా ఉన్నచోట పెట్టేసి, డబ్బా సంచిలో సర్దుకుని, మెట్లు దిగిపోయాడు.

కిటికీలోంచి సాయంత్రపు ఎండ బల్లమీద పడుతోంది. ఖాళీ స్టాండులో, యంత్రం కూర్చునే సందులో, నాలుగు మడతల కాగితం నిలబడి ఉంది, ఎడమ మూల కాస్త పైకి లేచి.