ఆ కప్పుకు పుట్టని క్యూబ్

నేను ఒక కాంక్రీట్ క్యూబ్‌ని. విజయనగరం దాటాక ఒక ఊళ్లో ఆడపిల్లల హాస్టల్ కడుతున్న చోట, జానెడైనా లేని ఇనప అచ్చులో పుట్టాను.

నన్ను పోసింది రేణుక. పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఆరు నెలల శిక్షణకని ఆ సైటుకు వచ్చిన పిల్ల. స్లాబు వేసేటప్పుడు ఆ కాంక్రీటుతోనే మాలాంటి క్యూబులు పోయాలి. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి యంత్రంలో నొక్కితే, మా బలమే కప్పు బలమని మనుషుల నమ్మకం.

"క్యూబులకి స్లాబు కాంక్రీటొద్దమ్మా. సిమెంటు దండిగా ఏసి పక్కన వేరే కలుపు. అందరూ చేసేదే," అన్నాడు మేనేజర్ భుజంగరావు.

రేణుక తల వంచుకుని కలిపింది. నా ఒంటిమీద స్లాబు తేదీ వేసింది.

తర్వాత ఆమె కాలేజీ ల్యాబ్‌లో, నీళ్ల తొట్టి అడుగున నిద్రపోయాను. కాంక్రీటు కలలు కంటూ గట్టిపడుతుంది. ఈ సంగతి మీ పాఠ్యపుస్తకాల్లో లేదు. నా మీద మంచాలు, ట్రంకు పెట్టెలు, తడిజుట్టు ఆరబెట్టుకుంటూ పాఠాలు వల్లెవేసే పిల్లలు. వాళ్లందరినీ నేనే మోస్తున్నాననుకున్నాను. రేణుక రోజూ వచ్చి తొట్టిలోకి చూసేది. ఆమె ముఖం నీళ్లలో చెదిరి, మెల్లగా కుదురుకునేది.

పరీక్షనాడు ఇరవై మెగాపాస్కళ్ల బలం వస్తే చాలన్నారు. నేను ముప్పై ఎనిమిది దాకా ఓర్చి పగిలాను. తోటి విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఫలితం బాగుంటే భుజంగరావు ఉద్యోగం ఇస్తానన్నాడని వాళ్లకు తెలుసు.

"సంతకం పెట్టమ్మా," అన్నారు లెక్చరర్ శ్యామలరావు గారు.

వైవా పరీక్షల్లో నోరు విప్పని ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసింది.

"సార్... ఇది ఆ స్లాబుది కాదండి. నేనే వేరేగా కలిపి పోసేనండి."

ఆయన నా ముక్కొకటి చేతిలోకి తీసుకున్నారు. "రాసిస్తావా? ఉద్యోగం పోతుంది. శిక్షణ సర్టిఫికెట్టూ రాదు."

"తెలుసండి."

రెండు పేజీల నిండా క్షమాపణలు రాసుకొచ్చింది. ఆయన కొట్టేశారు. "నీ బాధ కాదమ్మా, జరిగింది రాయి. చదివినవాడు వెంటనే పని ఆపాలి." చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి.

పని ఆగింది. స్లాబులోంచి తొలిచి తీసిన ముక్కలు పద్నాలుగుకే నలిగిపోయాయి. కప్పు పడగొట్టారు, భుజంగరావును తప్పించారు. రేణుక ఆరు నెలల శిక్షణా గాల్లో కలిసింది. నన్ను ల్యాబ్ వెనక కుప్పలో పారేశారు. వాన పడినప్పుడల్లా నాలోని కంకరరాళ్లు తాము పుట్టిన కొండను తలచుకునేవి.

ఒకరోజు ఆ సైటు మేస్త్రి అప్పలసూరి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ పాపేదండి? కప్పు మల్లీ ఏస్తన్నాం. నీళ్లెన్ని పొయ్యాలో ఆ పాపొచ్చి సెప్తేగాని మిక్సరు తిప్పనని పెద్దింజినీరుకి సెప్పీసినాను."

రేణుక హెల్మెట్ చంకన పెట్టుకుని అతని వెంట నడిచింది. ఆమె శిక్షణ అక్కడే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలైంది.

నెల దాటాక ఆ కప్పు క్యూబులు యంత్రమెక్కాయి. ఇరవై ఏడు. నాకంటే పదకొండు తక్కువ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రేణుక సంతకం పెట్టిన చప్పుడు కిటికీలోంచి సన్నగా వినిపించింది.

కుప్పలో పడున్న నాకు, నాకంటే బలహీనమైన ఆ క్యూబుల మీద అసూయ కలిగింది.