తగ్గాక ఏం తినాలి

ఇంద్రమ్మకు తెలిసిన విద్య ఒక్కటే, తగ్గడం. నల్లగొండ పల్లెలో పిల్లగా ఉన్నప్పుడే తల్లి బుచ్చవ్వ ఆమె కంచానికి కాపలా ఉండేది. "గిట్ల తింటే నిన్నెవడు చేసుకుంటడే" అని రెండో ముద్దకే చెయ్యి అడ్డం పెట్టేది. పెళ్లయింది. భర్త రామచంద్రానికి బస్సుడిపోలో మెకానిక్ పని దొరికి, దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో కిరాయికి దిగారు. అయినా కాపలా తప్పలేదు. ఇప్పుడు తనకు తానే కాపలా. ఒక ఏడాది రాత్రిపూట అన్నం మానేసింది. ఇంకో ఏడాది ఉలవకట్టుతో సరిపెట్టింది. నిమ్మరసం మీద బతికిన రోజుల్లో కూరగాయల బండి దగ్గర కళ్లు తిరిగి పడింది. ఎంత తగ్గినా, నాలుగు పెళ్లిళ్లు తగిలేసరికి అంతా తిరిగొచ్చేది.

చివరికి మోకాళ్ల నొప్పులకని పోతే, మలక్‌పేటలో ఒక డాక్టరమ్మ ఓపిగ్గా బరువు తగ్గించింది. ఒకనాడు కాటా ముల్లు చూసి, "చాలమ్మా. ఇక తగ్గొద్దు, పెరగొద్దు" అంది.

"గదెట్ల?"

"ఆకలైతే తినండి. కడుపు నిండితే లేవండి."

ఇంద్రమ్మకు ఒళ్లు మండింది. ఆకలంటే ఓర్చుకోవాల్సింది. కడుపు నిండిందంటే తప్పు చేసినట్టు. ఈ రెండింటి మధ్య మనిషి ఎక్కడ కూర్చుని తినాలో ఈమె చెప్పదేం?

ఆ రోజు నుంచి అన్నం గిన్నె ముందు గరిటె పట్టుకుని నిలబడిపోయేది. కొంచెం పెట్టుకుంటే మధ్యాహ్నానికి చేతులు వణికేవి. ఎక్కువ పెట్టుకుంటే బస్టాపు దగ్గరి బరువు మిషన్ ఎక్కి, బయటికొచ్చిన అట్టముక్క చూసి ఏడుపొచ్చేది.

"తగ్గినవు గదా, ఇంకేంది పరేషాన్?" అన్నాడు రామచంద్రం.

"తగ్గేటప్పుడు గల్లీ గల్లీ మెచ్చుకున్నది. గిప్పుడు ఎవ్వరడుగుతలేరు. కష్టం మాత్రం గంతే ఉన్నది."

ఆయన స్నానానికి లేచాడు.

మునుపు పక్కవాటాలో ఉన్న గుంటూరు సూర్యప్రభ ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. ఊరి నుంచి వచ్చిన బుచ్చవ్వను కూడా తీసుకుని, ఇసుక కుప్పలు దాటుకుంటూ వెళ్లింది ఇంద్రమ్మ. పంక్తిలో బొబ్బట్టు వడ్డించి, "ఎంత చిక్కిపోయారండీ వదినగారూ, ఇంకోటి వేయించుకోండి" అంది సూర్యప్రభ.

ఆమె అటు తిరగగానే బుచ్చవ్వ కూతురి విస్తట్లోని బొబ్బట్టు తీసి తన విస్తట్లో వేసుకుంది. నలభై ఏళ్లు దాటిన కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆడ పెట్టవ్వా."

"మల్ల లావైతవు బిడ్డా."

"ఐతే ఐత. పెట్టు."

పంక్తిలో అందరూ చూశారు. తిరిగొచ్చిన బొబ్బట్టును ఇంద్రమ్మ కోపంతోనే తినేసింది. రుచేమీ తెలియలేదు. రెండోది అడగలేదు.

ఇంటికొచ్చాక, పొద్దుగూకే వేళకు ఇంద్రమ్మకు మళ్లీ ఆకలైంది. "పగలు తిన్నవు గద, గిప్పుడు ఇడిసిపెట్టు" అంది బుచ్చవ్వ. ఎప్పుడూ చేసింది అదే. తిన్న మర్నాడు పస్తు, పస్తు తర్వాత ఆబ. ఇంద్రమ్మ జవాబివ్వకుండా రెండు జొన్నరొట్టెలు కొట్టుకుని పప్పుతో తిన్నది. తర్వాతి వారం బరువు కొంచెం పెరిగింది. రోజంతా అందరి మీదా విసుక్కుంది కానీ పస్తుండలేదు. కొన్నాళ్లకు ఆ పెరిగింది దానంతటదే పోయింది. ఎలా పోయిందో ఆమెకు అర్థం కాలేదు. అది మరింత చిరాకు.

బుచ్చవ్వ ఊరికి బయల్దేరే రోజున, పొయ్యి దగ్గర కూర్చున్న తల్లిని ఇంద్రమ్మ అడిగేసింది. "చిన్నప్పటి సంది నా నోరెందుకు కట్టేసినవే?"

బుచ్చవ్వ పొయ్యి వైపు తిరిగింది. "మా అత్త నాకు గట్లనే చేసింది. నేను మాత్రం కడుపునిండ తిన్ననా?"

తిట్టాలనుకున్న ఇంద్రమ్మ కంచం తెచ్చి తల్లి ముందు పెట్టి రొట్టె వేసింది. సగం తినగానే బుచ్చవ్వ "చాలు" అని చెయ్యి కడుక్కుంది.

ఆ చాలు అన్నది కడుపో, అలవాటో ఇంద్రమ్మకు తెలియలేదు. అడిగినా ముసలామెకూ తెలియదు. మిగిలిన సగం రొట్టెను మూట కట్టి బస్సులో తినమని తల్లి సంచిలో పెట్టి, తన కంచం ముందుకు లాక్కుంది.