తెల్ల పామువేరు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాల్‌నట్ వాగు ఎండి రాళ్లు పైకి తేలాయి. అడవి కొట్టి చదును చేసుకున్న చోటల్లా గడ్డి మాడిపోయి, కాలు పెడితే కరకరమనేది. మేత దొరక్క ఆవులు వాటంతట అవే అడవి లోపలికి, చెట్ల నీడల్లోకి పోవడం మొదలుపెట్టాయి. సెప్టెంబరు సగమయ్యేసరికి యాన్సీ వాళ్లింట్లో రెండు చావులు జరిగాయి.

ముందు టోల్బర్ట్ యాన్సీ కోడలు, ఆ వెనకే ఆమె కూతురు. కాళ్లలో సత్తువ పోవడం, ఆగని వాంతులు, నోట్లోంచి మాగిన పళ్ల వాసన, ఆఖరికి లేపినా లేవని మగత. అమెరికాలో వాబాష్ నది ఒడ్డు ఊళ్లలో దాన్ని పాల జబ్బు అనేవారు. ఆవుకు వణుకు పుడితే దాని పాలు పారబోయాలని అందరికీ తెలుసు. ఆవు బాగుంటే పాలూ బాగున్నట్టే. అసలు ఆ విషం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరికీ తెలీదు. మంచులో ఉంటుందని కొందరు, నేల పగుళ్లలోంచి ఆవిరిలా లేస్తుందని కొందరు అనుకునేవారు.

వాగుకు ఇవతలి గట్టున కెజయా, ఆమె భర్త జోథమ్ ఉండేవారు. వాళ్లు ఆ దేశం వచ్చింది పొలం కోసం కాదు, మొక్కల కోసం. ఇంకా ఏ పండితుడూ పేరు పెట్టని మొక్కలను వెతికి, విత్తనాలు, దుంపలు, కాగితాల మధ్య అదిమి ఎండబెట్టిన కొమ్మలు ఫిలడెల్ఫియాకు పంపడం వాళ్ల బతుకుతెరువు. జోథమ్ అడవులు తిరిగి మొక్కలు తెచ్చేవాడు. కెజయా బొమ్మలు వేసేది, పూరేకులు విడదీసి చూసేది, ఏ మొక్క ఏ మొక్కకు చుట్టమో తేల్చేది. తోటమాలి కూతురు, ఆకుల మధ్యే పెరిగింది. పాప హిట్టీ పుట్టాక కూడా, ఒళ్లో పిల్లను పడుకోబెట్టుకునే ఆ పని చేసేది.

నది దాకా వెళ్లి పడవలోకి పెట్టెలెక్కించి వచ్చిన రోజు జోథమ్ గుమ్మంలోనే కూలబడి పాలు అడిగాడు.

"ఆవు ఎలా ఉంది?" అన్నాడు.

"నిక్షేపంలా ఉంది. ఒళ్లు చూడు, ఎలా మెరుస్తోందో. నేను పూటపూటా తాగుతూనే ఉన్నాను, నాకేమైంది?"

ముంత ఎత్తినవాడు దించకుండా తాగాడు. ఆ తర్వాత కూడా మొక్కజొన్న జావలో నిండా పాలు పోసుకునే తిన్నాడు. వారం తిరక్కముందే ఒక పొద్దున కట్టెలు కొట్టబోయి, గొడ్డలి మీద చేతులానించి అలాగే నిలబడిపోయాడు.

"ఏంటి, చెట్టుతో కబుర్లా?" అంది కెజయా నవ్వుతూ.

"కాళ్లు నావి కావే, కెజయా."

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. భుజం ఆసరా ఇచ్చి లోపలికి తెచ్చి పడుకోబెడుతుంటే అతని ఊపిరి ఆమె మొహానికి తగిలింది. మాగిన పళ్ల వాసన.

సాయంత్రానికి టోల్బర్ట్ వచ్చాడు. గుమ్మం దాటలేదు, టోపీ తియ్యలేదు.

"వాంతులు మొదలయ్యాయా, అమ్మాయ్?"

"మొదలయ్యాయి, బాబాయ్."

"మా కోడలికీ అంతే. పొద్దెక్కేదాకా బయటికి పోవద్దు, మంచు తగులుతుంది. పసిదాన్ని అసలు తీసుకెళ్లకు."

"మీ ఆవుకు వణుకు వచ్చిందా?"

"మా ఆవుకా? లేదే. కుండెడు ఇచ్చేది. పాలవల్ల అయితే ముందు దానికి రావద్దూ?" వెనుదిరగబోతూ, "దూడ మాత్రం చచ్చింది. తోడేలు భయానికేమో అనుకున్నాం" అని వెళ్లిపోయాడు.

ఆ మాట కెజయా మనసులో ముల్లులా దిగింది. తెల్లవారి పాలు పితకడానికి వెళ్తే ఆమె దూడ దడికి ఆనుకుని నిలబడి ఉంది. అదిలిస్తే రెండు అడుగులు వేసి, ముందుకాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి, ఒళ్లంతా వణుకుతూ మోకాళ్ల మీద పడింది. పక్కనే తల్లి ఆవు తీరిగ్గా నెమరు వేస్తోంది. కళ్లలో కాంతి, ముక్కు మీద తేమ. ఏ జబ్బూ లేదు.

కెజయా పితికిన పాలన్నీ నేలమీద పారబోసింది. పిల్లి వాసన పట్టి వస్తే చీపురుతో తరిమింది.

లోపల జోథమ్ కళ్లు తెరవకుండానే అన్నాడు. "అది ఏం మేస్తోందో చూడు. మంచూ లేదు, మన్నూ లేదు. మేతలోనే ఉంది."

"నిన్నిలా వదిలేసి ఎలా పోను?"

"మన పనే అది కదే. పో."

హిట్టీని శాలువాతో వీపుకు కట్టుకుని ఆవు వెనకాల నడిచింది. విషపు తీగల గురించి విని ఉంది కాబట్టి మూడేసి ఆకుల తీగ కోసమే వెతికింది. ఆవు ఆ తీగను ముట్టుకోలేదు. ఎండ వదిలేసి, వాగు పైన కొండచరియ నీడలోకి దిగింది. అక్కడ నడుమెత్తున, చరియంతా తెల్లగా పూసి ఉన్న మొక్కలు. ఎదురెదురు ఆకులు, రంపపు అంచు, కొసన దూదిపింజల్లా చిన్నచిన్న తెల్లపూలు. పాము కాటుకు వేరు నూరి కడతారని తెల్ల పామువేరు అనేవారు దాన్ని. పోయిన నెలలో కెజయా దాని బొమ్మ వేసింది, ఎంత అందమైన మొక్క అని జోథమ్ మురిసిపోయాడు కూడా. ఆవు తల వంచి ఆ పూలనూ ఆకులనూ కలిపి పరపరా నమిలేస్తోంది. పక్క కొమ్మల మీద నిన్నటి కొరుకులు, మొన్నటి కొరుకులు. చరియ సగం మేసేసింది.

ఇన్ని తిన్న ఆవు ఎలా బతికి ఉంది? కెజయా చెట్టుకు ఆనుకుని ఆలోచించింది. తింటూనే ఉంది, పాలిస్తూనే ఉంది. దూడ వణుకుతోంది. జోథమ్ మంచం పట్టాడు. అంటే విషం ఆవులో నిలవడం లేదు, పాలతో బయటికి పోతోంది. పాలిచ్చేది బాగుంటుంది, తాగినవాళ్లు పోతారు.

మరి జోథమ్ తాగిన పాలే తాగిన తనకు ఇంతవరకూ ఏమీ కాలేదెందుకు?

వీపు మీద పిల్ల పొద్దుటి నుంచి ఏడవలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

శాలువా ముడి విప్పి పిల్లను ముందుకు తీసుకుంది. హిట్టీ కళ్లు సగం మూసుకుని ఉంది. బుగ్గ మీద తడితే తల పక్కకు వాల్చేసింది. చిన్న గుప్పిట ఆగి ఆగి అదురుతోంది. పాలు తాగే వేళయింది కాబట్టి కెజయా రొమ్ములు బరువెక్కి, రవిక తడుస్తోంది. తనూ ఆ ఆవులాంటిదే. తన పిల్లకు తానే పూటపూటా విషం పోస్తోంది.

ఇంటికి పరుగెత్తింది. తన పాలు గట్టిగా పిండి పొయ్యిలో పోసేసి, గుడ్డతో రొమ్ములు బిగించి కట్టింది. పల్చటి జావ చెంచాతో పోస్తే హిట్టీ మింగలేదు, పెదవుల పక్క నుంచి కారిపోయింది. ఆ చుట్టుపక్కల ఆవు లేని ఇల్లు ఒక్కటే ఉంది. వేసవిలో కెంటకీ నుంచి బండి కట్టుకొచ్చిన థిర్జా ఇల్లు. ఆమె ఆవు దారిలోనే చచ్చింది. ఆమెకు చంటి కొడుకున్నాడు.

జోథమ్ మంచం పక్కన నీళ్లు పెట్టింది. అతను నీళ్ల వంక కూడా చూడలేదు.

"తిరిగొచ్చేసరికి నువ్వు ఉండాలి" అంది. పిల్లకు బదులు భర్తను వదులుకుంటున్నానేమో అనుకుంటూనే తలుపు వేసింది.

థిర్జా కంచె దగ్గరే అడ్డుపడింది. ఎత్తైన మనిషి, చంకలో కొడుకు, రెండో చేతిలో పొయ్యి కెలికే ఇనప చువ్వ.

"అక్కడే ఆగు! మీ ఇంట్లో జబ్బని యాన్సీ పెద్దాయన చెప్పాడు."

"ఇది అంటుకునేది కాదు, అక్కా. పాలల్లో ఉంది. నా పాలల్లో కూడా ఉంది. నువ్వు ఆవు పాలు తాగలేదు, నీకు లేదు. నా పిల్లకు పాలియ్యి."

"నీకెవరు చెప్పారు?"

"ఆవు తింటుంటే చూశాను. ఏ మొక్కో తెలుసు."

"మొక్కల పిచ్చోళ్లని మిమ్మల్ని ఊరికే అనరు. ఒకవేళ నువ్వు పొరబడితే? నీ పిల్ల నోరు పెట్టిన చోట నా కొడుకు నోరు పెట్టాలి. వాడికేమైనా అయితే నీ మొక్క వచ్చి నిలబడుతుందా?"

పొరబడితే ఇంకో పసివాడు పోతాడు. తను చూసింది ఒక ఆవునీ ఒక చరియనీ మాత్రమే. ఫిలడెల్ఫియా పండితులైతే అది చాలదని తోసిపారేసేవారు.

"పొరబడితే ఏమవుతుందో నాకు తెలీదు, అక్కా," అంది చివరికి. "కానీ నా దగ్గర ఉంచుకుంటే ఇది పోతుంది. అది మాత్రం తెలుసు."

శాలువా పరిచి, కంచె పక్కన నరికిన చెట్టు మొద్దు మీద హిట్టీని పడుకోబెట్టి, తను దారిలోకి వెనక్కి నడిచి నిలబడింది. పిల్ల ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు. థిర్జా అటు చూసి, ఇటు చూసి, చువ్వను నేలకేసి కొట్టింది.

"దయ్యం పట్టిన దేశం ఇది! ఇక్కడికి రావద్దని మా ఆయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను!" అని అరుస్తూ కొడుకును లోపల పడుకోబెట్టి వచ్చింది. మొద్దు మీద కూర్చుని హిట్టీని ఒళ్లోకి తీసుకుంది. "ఒక వైపు నీ పిల్లకు, ఒక వైపు నా వాడికి. కలపను. విన్నావా?"

హిట్టీ చాలాసేపు నోరు తెరవలేదు. థిర్జా వేలితో చుక్కచుక్కా పెదవుల మీద రాసింది. కెజయా దారిలో నిలబడి గొంతు కదులుతుందేమోనని చూస్తోంది. నీడలు పొడుగయ్యాక గొంతు కదిలింది.

"మింగింది," అంది థిర్జా. "ఇంక నువ్వు పో. నీ మొగుడు ఒక్కడే ఉన్నాడు."

జోథమ్ బతికే ఉన్నాడు. నీళ్లు, జావ, తేనె చెంచాచెంచాగా పోస్తూ కెజయా అతన్ని నెలంతా కాచుకుంది. దూడ చచ్చిపోయింది. హిట్టీ థిర్జా ఒళ్లో మెల్లగా కోలుకుంది, ఆకులు రాలే కాలానికి కెజయాను చూసి మొహం తిప్పేసుకునేంత పెంకితనం వచ్చింది. థిర్జా కొడుక్కు ఏమీ కాలేదు. జోథమ్ లేచాడు గాని, తర్వాత ఎప్పుడూ కొండ ఎక్కలేకపోయాడు. చేతులు వణికేవి, కొమ్మలు కాగితాల మధ్య సర్దడం కూడా కెజయా చేతికే వచ్చింది.

ఆమె మొక్కను పట్టుకుని ఇంటింటికీ వెళ్లి చూపించింది. విన్నవాళ్లు విన్నారు, నవ్వినవాళ్లు నవ్వారు. టోల్బర్ట్ నవ్వలేదు, నమ్మలేదు. మంచు పడ్డాక ఒకరోజు ఎదురుపడి, "నువ్వు చెప్పింది నాకు ఎక్కలేదమ్మాయ్. కంచె మాత్రం వేయించాను. ఆవు ఇక అడవిలోకి పోదు" అన్నాడు.

మరుసటి వేసవిలో కెజయా పలుగు తీసుకుని వాగు పైన చరియకు వెళ్లింది. పోయినేడు ఆవు మేసేసిన చోట కూడా పామువేరు చిక్కగా లేచింది. సాయంత్రం దాకా వేళ్లతో సహా పెళ్లగించి పోగు పెట్టింది. నడుము పట్టేసి లేచి నిలబడితే, చరియ అవతల చెట్ల మధ్య, చూపు ఆనినంత మేర అవే ఆకులు. ఎక్కడో అడవిలో ఎవరిదో ఆవు మెడగంట మోగింది. ఆమె మళ్లీ వంగింది.