తొమ్మిది మెట్ల ఒడ్డు

ఇసుక మూట భుజాన వేసుకుని సముద్రపు ఒడ్డున ఒంటరిగా నడుస్తున్న ఆడమనిషిని చూస్తే జనం ఏమనుకుంటారు? మతి పోయిందనుకుంటారు. అనుకుంటే అనుకోనీ అని ఆవిడా అనుకుంది. మూట ఇరవై కిలోలు. నీటడుగున ఊపిరికి వాడే నిండు గాలి సిలిండరూ, నడుముకు కట్టే సీసపు దిమ్మెలూ కలిపితే దాదాపు అంతే తూగుతాయి. కారు దగ్గర మూట ఎత్తుకుని, ఇరవై అడుగులు వేసి, ఆగి, అరవై లెక్కపెట్టి, మళ్లీ కదిలేది. ఆ మోతా, ఆ ఆగడమూ ఆమెకు అవసరమై కాదు, ఆయన అడుగు ఎలా పడుతుందో తెలుసుకోవడం కోసం.

ఆయన అంటే ఆమె భర్త. ఊళ్లో సగంమందికి నీళ్లలో మునిగి ఈదే స్కూబా నేర్పిన మనిషి, అందరికీ మాస్టారు. ఆమె కూడా ముందు ఆయన దగ్గర నేర్చుకున్నదే, పెళ్లి ఆ తర్వాతి సంగతి. కోపం వస్తే ఇప్పటికీ "మాస్టారూ" అనే పిలుస్తుంది. పోయిన చలికాలం ఆ మాస్టారి గుండె దెబ్బతింది. ప్రాణం దక్కింది కానీ సత్తువ పోయింది. మేడ ఎక్కాలంటే మధ్యలో ఒకసారి మెట్టు మీద కూర్చోవాల్సి వచ్చేది.

వేసవి మొదట్లో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి ఒప్పుకున్నాడు.

"ఒక్కసారి దిగండి. నాలుగు మీటర్ల లోతు దాటొద్దు. మోత వద్దు, ఎదురీత వద్దు, అలలు వద్దు. ఇప్పటికైతే సరే. ముందుముందు ఎలా ఉంటుందో నేను చెప్పలేను."

మాస్టారికి ఆ మాటల్లో "సరే" ఒక్కటే వినపడింది. ఆమెకు "వద్దు"లన్నీ వినపడ్డాయి. చివరి మాట ఇద్దరూ వినలేదు.

"నీళ్లలో నాకు బరువుండదే," అన్నాడు ఆయన తిరిగొస్తూ కారులో. "ఈ ఒళ్లు మోసీ మోసీ విసుగొచ్చేసింది. ఒక్క అరగంట దించి పెడితే చాలు."

ఆమెకు ఏడుపొచ్చింది, రోడ్డు వైపు చూస్తూ దిగమింగుకుంది. పడవ మాట తలపెట్టడానికి లేదు, ఊగే నిచ్చెన పట్టుకుని మళ్లీ పైకెక్కడం ఆయన వల్ల కాదు. ఒడ్డు నుంచి నడిచి దిగే చోటు కావాలి. అదీ వంక పెట్టడానికి వీల్లేని చోటు. మర్నాడే ఒక నోటుపుస్తకం కొంది.

మొదట చూసింది ఇంటికి పావుగంట దూరంలో ఉన్న పాత రేవు. తొమ్మిది మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ, కింద కదలకుండా నిలిచిన నీళ్లు. ఆరో మెట్టు మాత్రం విరిగి ఉంది. మూటతో దాని ముందు నిలబడితే, ఆయన కాలు అక్కడ తడబడడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. పుస్తకంలో రాసుకుంది: "మెట్లు తొమ్మిది. ఒకటి విరిగింది. వద్దు."

రెండో చోట మెట్లే లేవు కానీ నాచు పట్టిన గుండ్రాళ్లు. వద్దు. మూడో చోట ఇసుకలో పాదం దిగబడుతోంది. వద్దు. నాలుగో చోట అన్నీ కుదిరాయి, కూర్చుని ఊపిరి పీల్చుకోవడానికి బెంచీ లేదు. ఐదో చోట బెంచీ ఉంది, కారు నుంచి నీళ్లకు నూట డెబ్బై అడుగులు. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా అన్ని వంకలు పెట్టరు.

ఇంటికి రాగానే మాస్టారు కుర్చీలోంచే అడిగేవాడు.

"దొరికిందా?"

"ఇంకా లేదు. వచ్చే వారం ఇంకో చోటు చూస్తా."

"ఇన్ని వంకలెందుకే? నేనేమన్నా గాజుబొమ్మనా?"

"మీరు ముందు మాత్ర వేసుకోండి, మాస్టారూ."

ఆయన నవ్వేవాడు. ఎండలు ముదిరేసరికి నవ్వితే దగ్గు రావడం మొదలైంది. వేసవి చివరికి నవ్వడమే తగ్గించాడు. ఆమె కూడా ఇరవై అడుగులకు ఆగేదల్లా పదిహేనుకు ఆగింది, తర్వాత పదికి. దాంతో అంతకుముందు ఫరవాలేదనిపించిన ఒడ్లు కూడా పనికిరాకుండా పోయాయి. ఆయన రోజురోజుకీ తగ్గిపోతున్నాడని ఆ పుస్తకం పేజీ పేజీకీ చెబుతూనే ఉంది. ఆమె అదంతా ఒడ్లలో ఉన్న లోపమే అనుకుంది.

పద్నాలుగో పేజీలో దొరికింది. పడవలు దించడానికి కట్టిన సిమెంటు వాలు. కారు నీళ్ల అంచుదాకా వస్తుంది. మెట్టన్నది లేదు. కడ్డీ ఉంది, బెంచీ ఉంది, కొండ అడ్డం ఉండడంతో అల లేదు. నీళ్లకు ఆరంటే ఆరు అడుగులు. మూట కింద పడేసి, ఆ బెంచీ మీదే కూర్చుని హాయిగా ఏడ్చింది. పుస్తకంలో "ఇదే" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"డాక్టరుకు ఇంకోసారి చూపిద్దామా?" అంది ఇంటికొచ్చి.

"చూపిస్తే వద్దంటాడు," అన్నాడు మాస్టారు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం పొద్దున బయల్దేరారు. ఆయన పాత శిష్యురాలు, ఇప్పుడు డైవింగ్ షాపు నడుపుతున్నావిడ, సిలిండరు తెచ్చి ముందే నీళ్లలో తేల్చి పెట్టింది. "మాస్టారూ, మీరు దిగి కూర్చోండి చాలు. అన్నీ నీళ్లలోనే తగిలిస్తాం," అంది.

కారు డిక్కీ అంచున ఆయన్ని కూర్చోబెట్టి డైవింగ్ సూటు బయటికి తీశారు. చల్లటి నీళ్లు, సూటు లేకపోతే కుదరదు. మందపాటి రబ్బరు, ఒంటిని పట్టేసేంత బిగుతు. అందులో దూరడమంటే కుస్తీ పట్టడమే. ముప్పై ఏళ్లుగా రోజూ పట్టిన కుస్తీ కాబట్టి అదీ ఒక పనేనని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఆమె అడుగులు కొలిచింది, మెట్లు లెక్కపెట్టింది, రాళ్లు తడిమి చూసింది. సూటు మాత్రం ఆ పొద్దుటిదాకా అటక మీదే ఉంది.

ఆయన కాళ్లు వాచి ఉన్నాయి. సూటు మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె లాగింది, షాపావిడ లాగింది, ఆయన డిక్కీ అంచు పట్టుకుని లేవబోయాడు. పెదాలు నీలంగా మారాయి.

"చాలు," అన్నాడు రొప్పుతూ. "బట్టలు తొడుక్కోడానికే అయిపోయానే."

నీళ్లు ఆరు అడుగుల దూరంలో ఉన్నాయి.

ఊపిరి అందడానికి పావుగంట పట్టింది. సూటు తీసేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనీ. మోకాళ్ల దాకానైనా డైవర్నే కదా." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నువ్వు దిగు."

"ఆసుపత్రికి పోదాం."

"పోదాం. ముందు దిగు. పద్నాలుగు ఒడ్లు తిరిగావు, ఒక్కదాంట్లోనైనా దిగు."

"ఒంటరిగానా?"

ఒంటరిగా దిగకూడదని ఊరందరికీ నేర్పిన మనిషి అవునన్నట్టు తల ఊపాడు. "నాలుగు మీటర్లే. నీ బుడగలు నాకు కనిపిస్తుంటే నేను పక్కనున్నట్టే." షాపావిడ ఆయన పక్కన కూర్చుంది.

ఆమె తన సూటు వేసుకుని, ఆయన కోసం తేల్చి పెట్టిన సిలిండరు తగిలించుకుని దిగింది. లోపల నీళ్లు అద్దంలా ఉన్నాయి. అడుగున గడ్డి మెల్లగా వాలి లేస్తోంది, ఎండ దాని మీద ఆడుతోంది. ఆమె ఒంటికి బరువు లేదు. ఆ హాయి తనది కాదని, ఆయన వాటా తాను తింటున్నానని అనిపించి, ఉన్న పది నిమిషాలూ నరకంలా గడిచాయి.

బయటికొచ్చేసరికి ఆయన రంగు కాస్త తేరుకుంది.

"ఎలా ఉంది?"

"ఏమీ లేదు. అంతా బురద. మీరు దిగకపోవడమే మంచిదైంది."

"నాకు చెప్తావా? బురదైతే నీ బుడగలు ఒక్కచోటే తచ్చాడేవి. తిన్నగా ఆ చివరిదాకా పోయాయి. అక్కడ చాలాసేపు ఆగాయి. ఏం చూశావు?"

ఆమె తల దించుకుంది. "నక్షత్ర చేప. ఎర్రది. గడ్డిలో."

"ఎంతుంది?"

ఆమె అరచెయ్యి చాపి చూపించింది. ఆయన ఆ చేతి వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు గమనించింది, నోటుపుస్తకం ఆయన ఒళ్లో ఉంది. మొదటి పేజీ, పాత రేవుది, తెరిచి ఉంది.

"ఇది వేసవి మొదట్లో చూసిందే కదూ?"

"ఊఁ."

"అప్పుడు నేను మేడెక్కేవాణ్ణి."

"ఊఁ."

"ఒక్క మెట్టే కదే," అన్నాడు. "దాటేవాణ్ణి."

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదని ఆమె అనుకుంది. తడి ఒంటితోనే ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, మోకాళ్ల దగ్గర ఇరుక్కున్న సూటును కొంచెం కొంచెంగా కిందికి లాగసాగింది. ఈసారి ఆయన అడ్డు చెప్పలేదు, ఒక్కో పాదమూ ఎత్తి ఇచ్చాడు.