వంగని బండి

"ఇది తూకానికి వద్దు. దీనికి వేరే గిరాకీ ఉంది," అంటూ ముసలాయన కాటా మీంచి సన్నటి కడ్డీ ఒకటి తీసి పక్కన పెట్టాడు.

చిన్నోడికి నవ్వొచ్చింది. "తుప్పు పట్టిన కడ్డీకి గిరాకీ ఏంటి తాతా? మ్యూజియంలో పెడతావా?"

జుట్టు సగం నెరిసినా అతను వీధి మొత్తానికీ చిన్నోడే. అక్క అలా పిలుస్తుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆ పొద్దున అతను అక్క పికప్ బండి నుంచి ఊడదీసిన పాత ఇనుమంతా గోనెసంచిలో వేసుకుని, ముసలాయన పాత సామాన్ల కొట్టుకి తెచ్చాడు.

"నవ్వు, నవ్వు. బ్రేకు కడ్డీ ఇది. దొరక్క జనం నా చుట్టూ తిరుగుతుంటారు."

"బ్రేకుదేంటి? బ్రేకులు చక్రాల్లో కదా ఉంటాయి. ఇది వెనక ఇరుసుకీ పైనున్న ఛాసిస్‌కీ మధ్య ఊరికే ఉంటే నేనే పీకేశాను."

ముసలాయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "ఏ బండికి?"

"మా అక్క బండికి."

"బండిని తుక్కు కింద అమ్మేశారా?"

"తుక్కేంటి తాతా! కొత్త పెళ్లికూతురిలా తయారుచేశాను. పొద్దున్నే లోడుకెళ్ళింది."

ముసలాయన కాటా వదిలేసి ఇవతలికి వచ్చాడు. "ఒరేయ్, సరిగ్గా విను. బండి మీద బరువు పడితే వెనక భాగం కిందికి దిగుతుందా? ఆ దిగడం ఈ కడ్డీ పసిగట్టి పైన వాల్వుని తిప్పుతుంది. అప్పుడే వెనక చక్రాలకి బ్రేకు గట్టిగా అందుతుంది. ఇది లేకపోతే ఆ వాల్వు లెక్కలో బండి ఎప్పుడూ ఖాళీయే. కొండంత బరువు ఎక్కించినా ఖాళీయే. వెనక బ్రేకు పేరుకే ఉంటుంది."

"నేను నడిపి చూశాను. తొక్కగానే టక్కున ఆగింది."

"ఖాళీ బండేగా?"

చిన్నోడు ఫోను తీసి అక్కకి చేశాడు.

మోగింది. మోగి మోగి ఆగిపోయింది. అక్క బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తదు. ఒట్టు పెట్టినా ఎత్తదు. మళ్ళీ చేశాడు.

ఆ బండి నిజానికి బావది. పక్షవాతం వచ్చి బావ మంచాన పడ్డాక అక్క స్టీరింగు పట్టుకుంది. ఊరు కొండ మీద. కొత్త ఇళ్లన్నీ కింద లేస్తున్నాయి. ఊరి గోడౌన్ నుంచి నేలకి పరిచే టైల్స్ పెట్టెలు కిందికి దించడం ఆమె పని. బావ మందులూ, ఇంటి పొయ్యీ ఆ బండి మీదే నడుస్తాయి. ఈమధ్య కొత్త బండ్లు దిగాయి. గోడౌన్ ఓనరు ఒకరోజు అందరి ముందూ అనేశాడు. "మీ ఆయనకీ మీ బండికీ ఒక్కసారే నడుం పడిపోయినట్టుందమ్మా. ఇలా వెనక్కి కూలబడితే లోడు ఎలా ఎత్తను?"

అక్క ఇంటికొచ్చి బావకి అన్నం తినిపించి, పెరట్లోకెళ్ళి కూర్చుంది. ఆ వీపు చూసి చిన్నోడు నిర్ణయం తీసుకున్నాడు.

అతను సోఫాలు కుట్టేవాడు. పనిచేసే వర్క్‌షాపు మూతపడి ఖాళీగా ఉన్నాడు. ఫోనులో వీడియోలు చూశాడు. బండి వెనక బరువు మోసేవి కమాన్ పట్టీలని, వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేరిస్తే అదే కట్ట అని తెలుసుకున్నాడు. ముసలాయన దగ్గరే పాత పట్టీలు ఏరి తెచ్చి, రెండు వైపులా అదనంగా చేర్చాడు.

"ఏరా, సోఫా స్ప్రింగులూ బండి స్ప్రింగులూ ఒకటే అనుకున్నావా?" అని బండి కింద పడుకున్న తమ్ముడి కాలు తన్నింది అక్క.

"ఎవరు కూర్చున్నా కుంగకూడదు. అంతేగా అక్కా!"

కట్ట మందం పెరిగేసరికి బండి వెనక భాగం నాలుగు వేళ్ళు పైకి లేచింది. అప్పుడే ఆ కడ్డీ పొట్టిదైపోయింది. లాగి బిగించినా అందలేదు. అడ్డంగా ఉందని ఊడదీసి సంచిలో పడేశాడు. అంత చిన్న ముక్క. అది లేకపోతే కొంప మునుగుతుందని ఏ వీడియోలోనూ ఎవడూ చెప్పలేదు.

అక్కడితో ఆగాడా? వెనక తొట్టికి ఇనప చట్రం కట్టి, క్యాబిన్ వైపు వదిలేసి మిగతా మూడు వైపులా క్యాబిన్ కన్నా ఎత్తుగా చెక్క పలకలు నిలబెట్టాడు. సోఫాల్లో మిగిలిన ఫోమూ, రెక్సిన్ తెచ్చి క్యాబిన్ లోపలంతా అతికించాడు. తలుపుల చుట్టూ రబ్బరు బీడింగు వేశాడు. అక్క లోపల కూర్చుని తలుపేసుకుని, మళ్ళీ తెరిచి నవ్వింది.

"ఊరంతా నోరు మూసుకున్నట్టుందిరా! ఒక్క చప్పుడు వినిపిస్తే ఒట్టు."

చాలా ఏళ్ల తర్వాత అక్క అలా నవ్వింది.

నిన్న మొదటి లోడు దించి వచ్చాక మాత్రం ఒక మాట అంది. "బ్రేకు కొంచెం మెత్తగా ఉందిరా చిన్నోడా."

"కొత్తగా వేసిన పట్టీలు కదక్కా. కుదురుకుంటుంది."

పుట్టినప్పటి నుంచీ బండ్లు బాగుచేస్తున్నవాడిలా చెప్పాడు. అక్క నమ్మింది.

ఇప్పుడు చిన్నోడు గోడౌన్‌కి ఫోను కలిపాడు.

"మీ అక్కా? ఇందాకే బయల్దేరింది. ఏం చేశావయ్యా బాబూ ఆ బండిని! ఎప్పుడూ వేసేదాని మీద ఇంకా సగం ఎక్కించాం. అంగుళం కూడా వంగలేదు!"

"ఆపండి సార్! ఎవరినైనా బైకు మీద పంపండి. బ్రేకులు లేవు!"

"ఏంటీ? వినబడట్లేదయ్యా, లారీ దించుతున్నారు..."

చిన్నోడు కడ్డీని లాక్కుని చొక్కాలో దోపుకున్నాడు. స్కూటరు ఎక్కాడు. ముసలాయన వెనక నుంచి ఏదో అరుస్తున్నాడు. "ఆపొద్దు" అన్నట్టు వినిపించింది. ఆగొద్దు అంటున్నాడేమో అనుకుని యాక్సిలరేటరు ఇంకా గట్టిగా తిప్పాడు.

కొండ అంచుకి చేరేసరికి కింద రెండో మలుపులో బండి కనిపించింది. ఎత్తయిన పలకలు, వాటి మధ్య అంచుదాకా పెట్టెలు. తను నీలం రంగు వేసిన పలకలే. బండి ఇంకా రోడ్డు మీదే ఉంది! చిన్నోడి నోట్లోంచి ఏడుపు లాంటి నవ్వు వచ్చింది.

దగ్గరికి చేరాడు. హారన్ నొక్కాడు. బొటనవేలు నొప్పెట్టేలా నొక్కి పట్టాడు. మలుపు వెడల్పులో పక్కకి ఆగి దారిచ్చిన లారీ డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి తిట్టాడు గానీ, అక్క తల తిప్పలేదు. ఎలా వినిపిస్తుంది? ఫోమూ తనే అతికించాడు, రబ్బరూ తనే వేశాడు. పోనీ అద్దంలో చూస్తుందా అంటే, బయటికి పొడుచుకొచ్చిన పలకలు తప్ప అద్దంలో ఇంకేమీ కనిపించదు. "అద్దాలకి పొడుగు చేతులు తర్వాత బిగిస్తాలే అక్కా" అని తనే వాయిదా వేశాడు.

ముందుకి పోదామంటే దారి ఇరుకు. ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు లోయ. రెండుసార్లు దూరబోయాడు. రెండోసారి పలక చివర మోచేతిని గీరుకుంటూ పోయింది. నెత్తురు కారుతోందని కూడా తెలియలేదు. పెట్టెలు కదిలి కిర్రుమంటున్నాయి. ఏ క్షణాన ఏమవుతుందో.

అప్పుడు కాలిబాట గుర్తొచ్చింది. కూలీలు మలుపు చుట్టూ తిరగకుండా అడ్డంగా దిగే రాళ్ల బాట. స్కూటరుని దాన్లోకి తోశాడు. స్కూటరు జారింది, ఎగిరింది, పక్కకి పడి అతన్ని కొంత దూరం ఈడ్చింది. దాన్ని అక్కడే వదిలేసి, మిగతా వాలంతా కూర్చుని జారి, కింది రోడ్డు మీద పడ్డాడు. లేచాడు. అక్క కన్నా ముందొచ్చాడు!

రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

మలుపు తిరిగి బండి వచ్చింది.

మెల్లగా వచ్చింది. రెండో గేరులో ఇంజను మూలుగుతూ, మనిషి నడిచి వస్తున్నట్టు వచ్చింది. చిన్నోడు ఆ చప్పుడు విన్నాడు. అక్క ఎప్పుడూ చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది. "కొండ దిగేటప్పుడు నాకు బ్రేకుతో పనేంట్రా? గేరులో ఉంచితే బండి నాతోపాటు నడిచొస్తుంది." నిన్నా అలాగే దిగింది. ఇవాళా అలాగే దిగుతోంది. ఇంకో రెండు మలుపులు దాటితే నేల. ఆమె తనంతట తనే దిగిపోయేది. ముసలాయన అరిచింది కూడా అదే. ఆపొద్దు.

అద్దం వెనక అక్క ముఖం కనిపించింది. చొక్కా చిరిగి, ఒళ్లంతా నెత్తురుతో, నడిరోడ్డు మీద చేతులెత్తి నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. ఆ ముఖంలోకి భయం వచ్చింది.

"తొక్కకక్కా! తొక్కకు!" అని అరిచాడు. చేతులు అడ్డంగా ఊపాడు.

ఆగమని చెప్పడానికీ అలాగే ఊపుతారు. మాట రబ్బరు దాటి లోపలికి వెళ్ళలేదు.

అక్క బ్రేకు తొక్కింది.

ముందు చక్రాలు బిగుసుకుపోయి కీచుమన్నాయి. బ్రేకుతోపాటు క్లచ్చూ తొక్కడంతో గేరు పట్టు కూడా పోయి, వెనక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీదున్న బరువంతా బండిని వాలులో ముందుకి నెట్టింది. బిగుసుకుపోయిన చక్రాలు స్టీరింగు మాట వినలేదు. చిన్నోడు పక్కకి దూకాడు. దూకే ముందు, అక్క రెండు చేతులతో స్టీరింగుని తన మీదికి రాకుండా రాతిగోడ వైపు తిప్పడం చూశాడు. చివరి క్షణంలో చక్రాలు విన్నాయి.

గోడకి తగిలిన చప్పుడు పెద్దదేం కాదు. దాని తర్వాత వచ్చిందే పెద్దది. క్యాబిన్ కన్నా ఎత్తుగా పేర్చిన పెట్టెలు కదిలి, వెనక అద్దం పగలగొట్టుకుని లోపలికి వెళ్ళాయి. ఒకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ కలిసి.

దుమ్ము తగ్గేసరికి, అంత బరువు మోస్తూ కూడా, బండి వెనక భాగం వంగకుండానే ఉంది.

తలుపు గట్టిగా బిగుసుకుంది. చిన్నోడు కాలు తన్నిపెట్టి లాగాడు. రబ్బరు బీడింగు పాములా ఊడి చేతికి చుట్టుకుంది. లోపల అక్క స్టీరింగుకీ పెట్టెలకీ మధ్య ఉంది. ముఖానికి ఏమీ కాలేదు. బుగ్గ మీద తెల్లటి పొడి మాత్రం అంటుకుంది. ఒక్కో పెట్టే తీసి బయటికి విసురుతుంటే, ఇందాక తిట్టిన లారీ డ్రైవరు పైనుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఆడమనిషికి కొండదారి ఎందుకయ్యా? ఎవరు నడపనిచ్చారు?" అంటూనే అతనూ పెట్టెలు లాగుతున్నాడు.

కాదని చెప్పాలని చిన్నోడు నోరు తెరిచాడు.

"చిన్నోడా," అంది అక్క.

"ఇక్కడే ఉన్నానక్కా."

"నీకేం తగల్లేదుగా?"

"లేదక్కా."

"బావకేమైనా అయిందా?"

అదన్నమాట ఆమె భయం. నడిరోడ్డు మీద తమ్ముణ్ణి చూడగానే ఆమెకి తట్టింది అదొక్కటే. అందుకే అంత గట్టిగా తొక్కింది.

"లేదక్కా. బావ బాగానే ఉన్నాడు."

అక్క కళ్లు మూసుకుంది. ముఖం తేలికపడింది. మళ్ళీ తెరిచింది.

"మరి ఎందుకొచ్చావురా?"

చొక్కాలో కడ్డీ పక్కటెముకలకి గుచ్చుకుంటోంది.

"అంబులెన్సుకి ఫోను చేశారక్కా. వస్తోంది. మాట్లాడకు."

"అది కాదు. అడిగినదానికి చెప్పు." చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికినప్పుడు అడిగే గొంతుతోనే అడిగింది. కాకపోతే చాలా మెల్లగా.

చిన్నోడు కడ్డీ బయటికి తీసి ఆమెకి కనిపించేలా పట్టుకున్నాడు.

"ఇదక్కా. అందట్లేదని నేనే పీకేశాను. ఊరికే ఉందనుకున్నాను. బ్రేకు మెత్తగా ఉందని నిన్న నువ్వన్నావు చూడు, అప్పుడైనా చూడాల్సింది. బండి కింద ఒక్కసారి దూరి చూస్తే అయిపోయేది. నేనేమో కుదురుకుంటుందని చెప్పాను. నాకు తెలియదక్కా. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు నవ్వుతున్నావని, ఆ మాట ఎలా అనను? ఇవాళ తెలిసింది. నీకు చెబుదామనే వచ్చాను. నేను రాకపోయినా నువ్వు దిగిపోయేదానివి. దిగిపోయేదానివేగా అక్కా? రెండో గేరులోనే ఉన్నావుగా..."

అక్క వింటున్నట్టే చూస్తోంది. అతను చెబుతూనే ఉన్నాడు. మొదటి పట్టీ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

లారీ డ్రైవరు చేతిలోని పెట్టెని మెల్లగా రోడ్డు మీద దించి, వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

"ఎవరికి చెబుతున్నావయ్యా?" అన్నాడు.