అమ్మ దొరకలేదు

"భూలక్ష్మీ, నా కంటద్దాలు ఏడున్నయి?"

ఉప్మా కలుపుతున్న భూలక్ష్మి వెనక్కి తిరక్కుండానే టీవీ మీద అని చెప్పింది. రామచంద్రం ఆ టీవీ ముందే నిలబడి అడిగాడు. ఇంటి నుంచే ఉద్యోగం చేసే మనిషికి ఇంట్లో ఏదీ కనిపించదు, పెళ్ళాం పేరు మాత్రం నోట్లో ఆడుతుంది.

చిత్రమేమిటంటే ఆఫీసులోనూ ఆమెది వెతికే పనే. ఒక ఆసుపత్రి కోసం ప్రోగ్రాం రాస్తోంది. పేరులో ఒక ముక్క కొడితే చాలు, ఆ ముక్క ఉన్న రోగుల పేర్లన్నీ తెర మీదికి రావాలి. "నీల" అని కొడితే నీలమ్మ వచ్చింది. "అమ్మ" అని కొడితే నీలమ్మా లేదు, సత్తెమ్మా లేదు, భాగ్యమ్మా లేదు.

"రేపు మధ్యాహ్నంలోగా తేలకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇస్తానండి. మీకు ఇంట్లో బాధ్యతలుంటాయి కదా," అన్నాడు నిన్న టీమ్ లీడ్, ఎంతో దయగా. ఆ దయకే ఆమెకు ఒళ్ళు మండింది. అది అడిగి మరీ తెచ్చుకున్న పని. పోపు వేస్తున్నా అదే ధ్యాస.

టిఫిన్ ముందు అత్త మందుల డబ్బా అందుకుంది. దాని మీద "నీలమ్మ" అన్న చీటీ దగ్గర భూలక్ష్మి చూపు ఆగిపోయింది. నీ, ల, మ్మ. పలికితే అమ్మ వినిపిస్తోంది, రాతలో అ లేదు. ల లో కలిసిపోయింది. కంప్యూటర్ చెవితో వినదు కదా, రాసి ఉన్న అక్షరాలనే చూస్తుంది. ముందున్న అ వదిలేసి "మ్మ" కోసం వెతికిస్తే సరి.

"ఏందే, నా పేరు ఎన్నడు చూడనట్టు చూస్తున్నవ్?"

"నీ పేర్ల అమ్మ ఉన్నది గని, అ కనవడ్తలేదు అత్తమ్మా. పక్క అక్షరంల కలిసిపోయింది."

"మనం గూడ గంతే గద. ఇంట్ల కలిసిపోయినంక ఎవలకు కనవడుతం," అని నీలమ్మ మాత్ర మింగింది.

మధ్యాహ్నం కాకముందే గచ్చిబౌలి ఆఫీసులో "అమ్మ" అని కొట్టగానే అమ్మలందరూ బిలబిలమంటూ వచ్చేశారు. భూలక్ష్మికి కడుపు నిండినట్టయింది.

"బాగుందండి. ఆసుపత్రివాళ్ళకి నేను చూపిస్తాను," అన్నాడు టీమ్ లీడ్.

"నేనే చూపిస్త సర్," అని ఆమె ల్యాప్‌టాప్ తీసుకుంది.

మీటింగ్ గది తలుపు దగ్గర ఫోన్ మోగింది. రామచంద్రం.

"బండి తాళాలు ఏడున్నయి?"

ఇంట్లో వీధి తలుపు వెనక కొక్కేనికి ఉన్నాయి. జవాబు నోటిదాకా వచ్చింది.

"ఇంట్లనే ఉన్నయి. మీరే ఎతుకుర్రి."

"దొరక్కపోతే?"

"సాయంత్రం దాంక నేను గూడ దొరక," అని ఫోన్ ఆపేసి, నవ్వుకుంటూ లోపలికి నడిచింది.